పిల్లరు తీసే ముందు

మణుగూరు దాటి అడవి అంచు వెంట కొంత దూరం నడిస్తే ఒక మెరక చేను వస్తుంది. ఒక పక్క మద్ది, టేకు, ఇప్ప చెట్లు. రెండో పక్క చెట్ల తలల మీదుగా భద్రాద్రి థర్మల్ విద్యుత్ కేంద్రం పొగగొట్టాలు. ఆ చేను మా పెద్దనాన్న పాత స్నేహితుడిది. ఆయన కోయ రైతు. ఇద్దరూ ఒకప్పుడు ఇల్లందు బొగ్గుబాయిలో ఒకే షిఫ్టుకు దిగినవాళ్లు. పెద్దనాన్న టింబర్‌మన్‌గా చేసి రిటైరయ్యాడు. ఇప్పుడు మణుగూరులో కూతురి దగ్గర ఉంటున్నాడు. ఆయన అల్లుడు, అంటే మా బావ, థర్మల్ కేంద్రం కంట్రోల్ రూములో ఉద్యోగి.

పోడు పట్టా ఉన్న ఆ చేనులో బోరు పడింది, దాని మీద ఈ మధ్యే సోలార్ మోటారు కూర్చుంది. చూసి వద్దామని ఒక ఆదివారం ముగ్గురం వెళ్లాం. మూడు దాటింది. గట్టు పక్కన ఇనుప కాళ్ల మీద నల్లటి పలకలు వరుసగా నిలబడి ఉన్నాయి. మోటారు భూమి లోపల ఉంది కాబట్టి దాని చప్పుడు లేదు. పైపు నోట్లోంచి నీళ్లు తొట్టిలో పడి, తొట్టి అంచు దాటి, మిరప సాళ్లలోకి పాకుతున్న చప్పుడు ఒక్కటే వినిపిస్తోంది.

బొగ్గు తవ్విన ముసలాయన బొగ్గు పక్షాన, చదువుకున్న చిన్నవాడు సూర్యుడి పక్షాన మాట్లాడతారని ఎవరైనా అనుకుంటారు. మా ఇంట్లో ఆ లెక్క తలకిందులు. ఆ సాయంత్రం వాళ్లిద్దరూ అనుకున్న మాటలు ఉన్నవి ఉన్నట్టు రాయాలనిపించింది. ఖమ్మం నుంచి భద్రాచలం దాకా ఈ అడవి నేల మీద బతికే ప్రతి ఇంటికీ ఆ మాటలతో పని పడే రోజు ఎంతో దూరం లేదు.

*

పెద్దనాన్న: చూసినవా అల్లుడూ! డీజిల్ లేదు, వైరు లేదు, పొగ లేదు, నీళ్లు మాత్రం పారుతున్నయ్. మొన్నటి దాకా ఇదే చేనుకు వాగుల ఆయిల్ ఇంజను పెట్టి తోడేటోడు. డబ్బా భుజాన పెట్టుకుని బంకు నుంచి డీజిల్ మోసుకొచ్చేటోడు. మన దేశం కాల్చే ముడి చమురుల నూటికి ఎనభై అయిదు పాళ్లకు మించి బయటి దేశాల నుంచే వస్తదట గదా. అంటే సముద్రాల అవతల ఎక్కడో యుద్ధమైతే ఈ గూడెంల చేను ఎండేది. ఇప్పుడు ఆ భయం లేదు.

బావ: ఈ చేనుకు మంచిదే మామా, నేను కాదనను. కానీ మీరు ఒక చేనును చూసి రాష్ట్రం సంగతి చెప్పేస్తున్నరు. 2025 మార్చిలో తెలంగాణ డిమాండు 17 వేల మెగావాట్లు దాటింది. 2024-25లో కూడా దేశంలో పుట్టిన కరెంటులో నాలుగింట మూడు వంతుల దాకా బొగ్గుదే. ఇదంతా పలకల మీద నడుస్తుందని చెప్పి మనుషుల్ని నమ్మించడం తేలిక. నడపడం తేలిక కాదు. నడిపే కుర్చీలో కూర్చునేది నేను.

పెద్దనాన్న: మరి బొగ్గు మీద ఎన్నాళ్లు నడుస్తది?

బావ: ఇంకా చాలా ఏళ్లు. 2023-24లో ఒక్క సింగరేణే 7 కోట్ల టన్నులు తీసింది. 2024-25లో దేశం మొత్తం మీద బొగ్గు ఉత్పత్తి 100 కోట్ల టన్నులు దాటింది. అయిపోతోంది, అయిపోతోంది అని మా చిన్నప్పటి నుంచీ వింటూనే ఉన్నం. తవ్వే కొద్దీ పెరుగుతోంది తప్ప తగ్గింది లేదు.

పెద్దనాన్న: బొగ్గు దేశంల అయిపోదురా, ఊళ్లె అయిపోతది. అది నీకు కాగితం మీద కనపడదు. ఇల్లందు పోయి చూడు. భద్రాచలం యాత్రకు పోయే భక్తులు దారిల అన్నం వండుకుంటుంటే పొయ్యి రాళ్లే అంటుకున్నయని మా తాతలు చెప్పుకునేటోళ్లు. కథో నిజమో గానీ, 1871ల జియలాజికల్ సర్వే నుంచి విలియం కింగ్ దొర వచ్చి ఇల్లందు దగ్గర బొగ్గు ఉన్నదని తేల్చిండు. ఆయన పేరుతోనే కింగ్ సీము. దేశం ఆ బొగ్గు మీద రైళ్లు నడిపింది. 1889ల తవ్వకం మొదలైతే ఆ ఊరికి బొగ్గుట్ట అనే పేరే పడ్డది. సింగరేణి అనే పేరు పుట్టింది కూడా ఆ చుట్టుపక్కల పల్లె నుంచే. ఇప్పుడు ఆ బాయిల్లో ఎన్ని తెరిచి ఉన్నయ్? నేను దిగిన ఇంక్లైను నోరు గోడ కట్టి మూసిన్రు. ముందర సర్కారు తుమ్మ మొలిచింది. షిఫ్టు దిగేటప్పుడు టీ తాగే హోటలు, జీతాల రోజు తిరునాళ్ల లెక్క నిండే బజారు, ఏదీ లేదు. దేశంల వంద కోట్ల టన్నులు వచ్చినయంటే ఆ హోటలు తెరుచుకుంటదా?

బావ: ఇల్లందు పోతే మణుగూరు వచ్చింది, సత్తుపల్లి వచ్చింది.

పెద్దనాన్న: అవును. మణుగూరు తర్వాత ఎక్కడికి పోయినం? ఒడిశా. నైనీ బ్లాకు. 2025 ఏప్రిల్ల అక్కడ తవ్వకం మొదలైంది. ఇక్కడ పుట్టిన కంపెనీ ఇంకో రాష్ట్రం పోయి బాయి తవ్వాల్సి వచ్చిందంటే నాకు అర్థమయ్యేది ఒక్కటే. మన ఇంటి కింది బొగ్గు లోతుకు పోయింది, తీసే ఖర్చు పెరిగింది. ఇంకో లెక్క చెప్త విను. 1990ల మొదట్లో కంపెనీల లక్షా పదహారు వేల మందిమి. ఇప్పుడు ఎంత మంది? నలభై వేలు. బొగ్గు మాత్రం అప్పటి కంటే ఎక్కువ వస్తుంది. భూగర్భ గనులు మూసి ఓపెన్‌కాస్టులు పెట్టిన్రు. డంపర్లు వచ్చినయ్, మనుషులు పోయిన్రు. సోలారు వస్తే నౌకర్లు పోతయని యూనియన్ మీటింగుల భయపెడ్తరు. సోలారు రాకముందే డెబ్బై ఆరు వేల నౌకర్లు పోయినయ్ గదా, వాటిని ఎవరు తీసుకపోయిన్రు?

బావ కాసేపు మాట్లాడలేదు. తొట్టిలో చేయి పెట్టి నీళ్ల ధార చూస్తూ ఉన్నాడు. తర్వాత చేయి దులుపుకుని గట్టు మీద కూర్చున్నాడు.

బావ: సరే మామా. నేను నా కుర్చీ నుంచి కనబడేది చెప్తా, మీరు వినండి. పొద్దున పది దాటాక రాష్ట్రంలో, దేశంలో సోలారు కరెంటు గ్రిడ్లోకి పొంగుకొస్తది. 2025 జనవరికి దేశంలో సోలారు సామర్థ్యం లక్ష మెగావాట్లు దాటింది. మధ్యాహ్నం పన్నెండుకు మాకు లోడ్ డిస్పాచ్ సెంటర్ నుంచి ఫోను. లోడ్ తగ్గించమంటరు. తగ్గిస్తం. బొగ్గు యూనిట్‌ను 55 శాతం దాకా దింపాలని ఇప్పుడు నిబంధన. మాది సబ్‌క్రిటికల్ టెక్నాలజీ, ఒక్కోటి 270 మెగావాట్ల యూనిట్లు నాలుగు. బాయిలర్ అంటే స్టవ్వు కాదు, తిప్పంగనే తగ్గి తిప్పంగనే పెరగడానికి. ట్యూబులు వేడికి సాగుతయ్, చల్లారితే ముడుచుకుంటయ్. రోజూ అట్ల సాగి ముడుచుకుంటే ఒక రోజు పగులుతయ్. సాయంత్రం ఆరైతది. సూర్యుడు గుట్ట చాటుకు పోతడు. సరిగ్గా అప్పుడే రాష్ట్రమంతా లైటేస్తది, టీవీ పెడ్తది, కూలరేస్తది. అప్పుడు మళ్లీ ఫోను. పెంచండి, పెంచండి, ఇంకా పెంచండి. ఆ గంటలో ఈ పలకలు ఒక్క యూనిట్ ఇవ్వవు. ఆ గంటను మోసేది ఎవరు? మేమే. మమ్మల్ని రేపే మూసేస్తే ఆ గంటలో మీ మనవడు ఏ దీపం కింద చదువుకుంటడు?

పెద్దనాన్న: రేపే మూసెయ్యమని నేనెప్పుడన్న?

బావ: మీరు అనలేదు. అనేవాళ్లు ఉన్నరు. ఇంకొకటి. వానాకాలం. 2022 జూలైలో భద్రాచలం దగ్గర గోదావరి 71 అడుగులు దాటింది గుర్తుందా? 53 అడుగులకే మూడో ప్రమాద హెచ్చరిక. 1986 తర్వాత అంత నీళ్లు మళ్లీ అప్పుడే చూసినం. ఆ వారమంతా ఇక్కడ సూర్యుడు ఎట్లుంటడో ఎవరికీ కనపడలేదు. అట్లాంటి వారం పంపుసెట్లు ఆగితే ఏం కాదు, వాన పడుతది. ఆస్పత్రి ఆగితే? సబ్‌స్టేషన్ ఆగితే? పునరావాస కేంద్రంలో వేల మందికి మంచినీళ్ల మోటారు ఆగితే?

పెద్దనాన్న: ఇది మంచి ప్రశ్న. దీనికి నేను జవాబు ముక్కలు ముక్కలుగ చెప్త. మొదటి ముక్క వ్యవసాయం. మన రాష్ట్రంల దాదాపు 29 లక్షల వ్యవసాయ మోటార్లున్నయ్. 2018 జనవరి ఒకటి నుంచి 24 గంటల ఉచిత కరెంటు. రాత్రి పన్నెండుకు కూడ ఆటో స్టార్టర్ల మీద మోటార్లు తిరుగుతయ్. మిరపకు రాత్రి పన్నెండుకు దాహమైతదా? వరికి అయితదా? పగలు నీళ్లు పెడితే రాత్రంతా మట్టి దాచుకుంటది. భూమే పెద్ద బ్యాటరీ. మోటార్లన్నీ పగటి సూర్యుని మీదికి మారితే నీ సాయంత్రం బరువు సగం దిగకపోయినా కొంత దిగుతది గదా?

బావ: కొంత కాదు మామా, బాగానే దిగుతది. అది ఒప్పుకుంటున్న. కరెంటు అమ్మే డిస్కములు కూడా దానికి సంతోషిస్తయ్.

పెద్దనాన్న: రెండో ముక్క. సాయంత్రం కరెంటు దాచాలె. నాగార్జునసాగర్ల, శ్రీశైలం ఎడమ గట్టుల తిరగబడి తిరిగే టర్బైన్లున్నయని నువ్వే చెప్పినవ్. పగలు కరెంటు ఎక్కువుంటే కింది నీళ్లు పైకి తోడుతయ్, రాత్రి అవే నీళ్లు కిందికొదిలి కరెంటు తీస్తరు. కర్నూలు పక్క పిన్నాపురంల కూడ అట్లాంటిదే కట్టిన్రు. ఇంకా మంచి మాట విన్న నేను. మా ఇల్లందు జేకే-5 ఓపెన్‌కాస్టు గొయ్యిల, రామగుండం పక్క మేడిపల్లి గొయ్యిల నీళ్లు నింపి అట్లాంటి కేంద్రాలు కట్టాలని సింగరేణి ఆలోచన చేసింది. బొగ్గంతా తీసి వదిలేసిన గొయ్యిల పగటి ఎండను నీళ్లుగ దాచి రాత్రి వాడుకునుడు. అల్లుడూ, ఈ మాట విన్న రోజు నాకు నిద్ర పట్టలె. మేము గొయ్యి తవ్వి ఊరికి ఇచ్చి పోతున్నం అనుకున్న. ఆ గొయ్యి మళ్లీ పనికొస్తదంటే మా పని ఊరికే పోలేదన్నట్టే.

బావ: ఆలోచన చేయడం వేరు, కట్టడం వేరు. సీలేరు గుర్తు చేసుకోండి. మోతుగూడెం దగ్గర దిగువ సీలేరులో 460 మెగావాట్ల జల విద్యుత్ ఉండేది, మన ఖమ్మం జిల్లాలో. సాయంత్రం పీక్‌కు అంత చక్కటి కరెంటు ఇంకోటి లేదు. గేటు ఎత్తగానే కరెంటు. 2014లో పోలవరం ముంపు మండలాలతో పాటు అదీ ఆంధ్రాకు పోయింది. ఉన్నవి చేతిలో నిలవకపోతే, ఇంకా కట్టనివాటి మీద ఎట్లా ఆధారపడమంటరు?

పెద్దనాన్న: అందుకే తొందరపడి కట్టాలంటున్న.

*

అప్పుడే చేను యజమాని ఇప్ప చెట్టు కింద నుంచి వచ్చాడు. చేతిలో పాత లుంగీ ముక్క, నీళ్ల బిందె. పలకల మీద దుమ్ము పేరుకుంది, కోతులు ఎక్కిన కాళ్ల గుర్తులు కూడా ఉన్నాయి. ఆయన నీళ్లు చల్లి, గుడ్డతో పై నుంచి కిందికి ఒకే దిక్కుగా తుడిచాడు. అలా తుడవాలని ఎవరు చెప్పారని అడిగితే, ఎవరూ చెప్పలేదు, అటూ ఇటూ తుడిస్తే దుమ్ము గీతలు పడుతుంది అన్నాడు. తుడిచిన పలకలో అడవి చెట్ల కొమ్మలు కనబడ్డాయి.

ఆయన మాటలు తక్కువ. అయినా అన్నాడు: “పత్తి ఒక్కటే వేసేటోళ్లం. వాన చూసుకుని వేసుడు, వాన లేక వాగు ఎండితే ఏడ్చుడు. ఇప్పుడు మిరప వేసిన, కొంచెం కూరగాయలు వేసిన. పామాయిల్ పెట్టమంటున్నరు, చూస్తున్న. కానీ ఈ డబ్బా ఉందే...” అని గోడకు బిగించిన కంట్రోలర్ పెట్టె చూపించాడు. “వానల అది ఆగిపోయింది. ఫోను చేస్తే ఇవ్వాళ వస్తం, రేపొస్తం అన్నరు. పది రోజులు ఎవరూ రాలె. పది రోజులు మొక్కలు వాడిపోతుంటే చూసుకుంట కూసున్న.”

బావ: విన్నరా మామా. 2025 మేలో నాగర్‌కర్నూల్ జిల్లా అమ్రాబాద్ మండలం మాచారంలో ఇందిర సౌర గిరి జల వికాసం మొదలుపెట్టిన్రు. 12,600 కోట్లు, 6 లక్షల ఎకరాల పోడు భూమి, 2 లక్షల పది వేల మంది గిరిజన రైతులు, మోటారుకు పూర్తి సబ్సిడీ. లెక్క బాగుంది. కానీ 2 లక్షల మోటార్లు అడవి లోపల పెడితే, 2 లక్షల కంట్రోలర్ పెట్టెలు ఒక రోజు ఆగుతయ్. బాగు చేసే మనిషి హైదరాబాద్ నుంచి రావాలంటే ఈ పథకం మూడేళ్లలో తుప్పు పడుతది.

పెద్దనాన్న: హైదరాబాద్ నుంచి ఎందుకు రావాలె? గనిల నా పక్కన ఎలక్ట్రిషియన్లు, ఫిట్టర్లు ఎంత మంది పని చేసిన్రు! వాళ్ల కొడుకులు ఐటీఐ చదివి ఇంట్లో కూర్చున్నరు. భద్రాచలం ఐటీడీఏ కింద మండలానికి ఒక రిపేరు షాపు పెట్టి, గూడెం పిల్లలకే నేర్పియ్యి. నౌకర్ల మాట అన్నవు గదా, ఇదే నౌకరు. పలక బిగించుడు ఒక్కసారే పని. చూసుకునుడు పాతికేళ్ల పని.

బావ: అది చేస్తే నేను కూడా మీ వైపే. కానీ నీళ్ల సంగతి? కరెంటు బిల్లు లేకపోతే, డీజిల్ ఖర్చు లేకపోతే ఆపే కారణమే ఉండదు. తొట్టి నిండి పొంగుతున్నా మోటారు నడుస్తూనే ఉంటది. ఇప్పుడు చూడండి.

నిజమే. తొట్టి నిండి నీళ్లు అవతలి గట్టు కిందికి పోతున్నాయి. రైతు నవ్వి వెళ్లి స్విచ్ ఆపాడు. బోరు ఎంత లోతు అని అడిగాడు బావ. వాళ్లిద్దరూ కాసేపు నీటి మట్టం గురించి మాట్లాడుకున్నారు. అందరం ఒప్పుకున్నది ఒకటి: సూర్యుడు ఉచితమే గానీ అడవి కింది నీళ్లు ఉచితం కాదు. డ్రిప్పు పెట్టాలి, తోడని కరెంటును గ్రిడ్‌కు అమ్ముకునే ఏర్పాటు ఉండాలి. నీళ్లు తోడకపోతే కూడా డబ్బు వస్తుందంటే ఏ రైతైనా మోటారు ఆపుతాడు. 2019లో కేంద్రం మొదలుపెట్టిన కుసుమ్ పథకంలో ఆ దారి ఉంది. అది ఈ అడవి అంచు దాకా రావాలి.

*

బావ: ఇంకో పెద్ద లెక్క చెప్తా. భూమి. మా కేంద్రం 1080 మెగావాట్లు. 70 శాతం లోడ్ మీద రోజంతా నడిస్తే కోటీ ఎనభై లక్షల యూనిట్లు. ఒక మెగావాట్ సోలారు రోజుకు ఇచ్చేది నాలుగు, నాలుగున్నర వేల యూనిట్లు. అంటే మా ఒక్క కేంద్రం ఇచ్చేంత కరెంటుకు 4 వేల మెగావాట్ల పలకలు పరవాలి. ఒక మెగావాట్‌కు నాలుగు, అయిదు ఎకరాలు. పదహారు వేల నుంచి ఇరవై వేల ఎకరాలు! ఆ భూమి ఎక్కడిది మామా? పోడు భూములే తీసుకుంటరు. లేదా ఈ అడవినే కొడ్తరు. బొగ్గు పేరు మీద గూడేలు లేపినట్టు, సూర్యుడి పేరు మీద కూడా లేపుతరు.

ఈ మాట దగ్గర పెద్దనాన్న ముఖం మారింది. చేతికర్ర నేల మీద ఆనించి లేచాడు.

పెద్దనాన్న: ఆ మాట నువ్వు అన్నందుకు నాకు సంతోషం. ఎందుకంటే అదే నా భయం కూడా. కానీ లెక్క మొత్తం చెప్పు. నీ కేంద్రం ఎంత బొగ్గు తింటది?

బావ: యూనిట్‌కు 700 గ్రాముల దాకా. రోజుకు 12 వేల టన్నులు.

పెద్దనాన్న: ఆ 12 వేల టన్నుల కోసం ఓపెన్‌కాస్టు ఎంత భూమి తవ్వుతది? ఈ ఏడు తవ్వింది చాలదు, వచ్చే ఏడు ఇంకో చేను, ఆ పై ఏడు ఇంకో గుట్ట. మట్టి ఎత్తి పోస్తే ఓబీ గుట్టలు, కాల్చినంక బూడిద చెరువులు. టన్నుల మూడో వంతుకు పైన బూడిదే. ఆ బూడిద పాల్వంచల ఇళ్ల కప్పుల మీద ఎట్ల పడేదో మీ అత్తను అడుగు. ఉతికిన బట్టలు ఆరేస్తే సాయంత్రానికి బూడిద వాసన. యూనిట్‌కు కిలో దాకా కార్బన్ డయాక్సైడ్ ఆకాశంలకు పోతది, అది కనపడదు. బొగ్గు ఏటేటా కొత్త భూమి అడుగుతది. పలక పాతికేళ్లు అదే ఎకరంల నిలబడుతది. ఇంక కొత్త భూమి ఎందుకు? ఓబీ గుట్టలున్నయ్, పూడ్చిన గనులున్నయ్, క్వార్టర్ల కప్పులున్నయ్, బళ్లున్నయ్, కాలువ గట్లున్నయ్, చెరువులున్నయ్. రామగుండంల ఎన్టీపీసీ 2022ల రిజర్వాయర్ నీళ్ల మీదనే వంద మెగావాట్ల పలకలు తేల్చలేదా? సింగరేణి మణుగూరుల 30 మెగావాట్లు, ఇల్లందుల 39 మెగావాట్లు పెట్టలేదా? ముందు అవి నింపుదాం. అడవిల చెట్టు మీద చెయ్యి వేసే ముందు ఆ లెక్క తేలాలె.

బావ: కంపెనీ భూమి కంపెనీది. పోడు భూమి దగ్గర?

పెద్దనాన్న: పోడు భూమి దగ్గర యజమాని రైతే ఉండాలె. 2006 అటవీ హక్కుల చట్టంల గూడేనికి రోడ్డు, బడి, కరెంటు లైను లెక్క సంప్రదాయేతర ఇంధనానికీ చోటిచ్చిన్రు, దానికి గ్రామసభ సిఫారసు చెయ్యాలె అన్నరు. 2023 జూన్ల పోడు పట్టాలు పంచినప్పుడు మన జిల్లాకే ఎక్కువ వచ్చినయ్. ఆ పట్టా మీద రైతు పేరుంది. పలక మీద కూడ ఆయన పేరే ఉండాలె. మహిళా సంఘాలకు సోలారు ప్లాంట్లు ఇస్తమని సర్కారు అన్నది. మంచిది, ఇయ్యాలె. భూమి లీజుకు తీసుకుని, కంచె వేసి, రైతును అదే చేనుకు వాచ్‌మన్‌గ పెట్టుకుంటమంటే, అట్లాంటి సూర్యుడు మాకొద్దు.

బావ: పలకల తయారీ కూడా చూడండి. 1954లో అమెరికాలో బెల్ ల్యాబ్స్ వాళ్లు మొదటి సిలికాన్ సెల్ చేసినప్పుడు ఎండలో ఆరు శాతమే కరెంటయ్యేది. ఇప్పుడు ఇరవై శాతం దాటింది. 2020 డిసెంబరులో గుజరాత్ టెండరులో యూనిట్ 1 రూపాయి 99 పైసలకు పలికింది. అంత చవక ఎట్లా అయింది? చైనా ఫ్యాక్టరీల వల్ల. మన దగ్గర హైదరాబాద్ శివార్లలో సెల్సు, ప్యానెళ్లు చేస్తున్నరు, కానీ వాటికి వాడే వేఫర్ ఎక్కువగా బయటిదే. నిన్నటి దాకా గల్ఫు మీద ఆధారపడితే, రేపు చైనా మీదనా?

పెద్దనాన్న: డీజిల్ రోజూ కొనాలె. పలక ఒకసారి కొనాలె. రేపు వాళ్లు అమ్మకపోయినా ఈ చేనుల పలక ఆగదు. అంత తేడా ఉంది. అయినా నువ్వన్నది నిజమే, మనమే చేసుకోవాలె.

*

ఎండ ఏటవాలుగా పడింది. పైపు ధార సన్నబడింది. పెద్దనాన్న అందాకా చెప్పని మాట అప్పుడు చెప్పాడు. నాకు ఆ సాయంత్రం మొత్తంలో గుర్తుండిపోయిన మాట అదే.

పెద్దనాన్న: అల్లుడూ, బాయిల బొగ్గు ఎట్ల తీస్తమో నీకు తెలుసా? మొదట దారులు తవ్వుకుంట పోతం. మధ్యల పెద్ద పెద్ద బొగ్గు దిమ్మలు వదిలేస్తం. వాటినే పిల్లర్లంటం. పైకప్పును మోసేది అవే. చివరికి ఆ పిల్లర్లు కూడ తీస్తం, వెనక్కి నడుచుకుంట. దాన్ని డీపిల్లరింగ్ అంటరు. పిల్లరు తీసే ముందు టింబర్‌మన్ కట్టెలు నిలబెడ్తడు. కర్రతో రూఫ్ తట్టి వింటడు. గట్టి రూఫ్ గణగణ మోగుతది. డొల్లైతే బోలుగ పలుకుతది. అట్ల పలికిందంటే ఎంత బొగ్గున్నా ముట్టొద్దు. ముప్పై ఏళ్లు నా పని అదే. నేను కట్టె పెట్టినంకనే వాళ్లు పిల్లరు తీసేటోళ్లు. ఇంక నువ్వన్నది, నేనన్నది రెండూ కలిపి చూడు. ఈ దేశానికి ఇప్పుడు బొగ్గు పిల్లరు. నేను దాన్ని తీసెయ్యాలంటున్న. నువ్వు తీస్తే కూలుతది అంటున్నవ్. మనిద్దరం చెప్పేది ఒక్కటే పని. ముందు కట్టె పెట్టాలె. సాయంత్రం దాచే నీళ్లు, బ్యాటరీలు, పగటి మోటార్లు, గూడెంల రిపేరు పిల్లలు, ఇల్లందుల, కొత్తగూడెంల బతుకుదెరువు. ఇవే కట్టెలు. అవి పెట్టకుండ పిల్లరు తీస్తే నీ గ్రిడ్ కూలుతది. పిల్లరు ఉన్నది గదా అని కట్టె పెట్టకపోతే ఒకనాడు పిల్లరు దానంతట అదే కూలుతది. ఇల్లందుల జరిగింది అదే. బొగ్గు ఉన్నన్నాళ్లు ఎవరూ కట్టె పెట్టలె.

బావ చాలాసేపు దూరంగా పొగగొట్టాల వైపు చూశాడు.

బావ: పాల్వంచ కేటీపీఎస్ పాత ప్లాంటు కూలింగ్ టవర్లు గుర్తున్నయా మామా? ఎనిమిది టవర్లు. చిన్నప్పుడు కిన్నెరసానికి విహారానికి పోతే దారంతా అవే కనబడేవి. యాభై ఏళ్లకు పైగా కరెంటు ఇచ్చిన ప్లాంటు. దాన్ని మూసేసి, 2024 ఆగస్టులో మందు పెట్టి కూల్చిన్రు. సెకన్లలో పోయినయ్. ఆ వీడియో నేను ఎన్నిసార్లు చూసిన్నో. ఆ చోటుకు ఏం వస్తదో, ఆ ప్లాంటు మీద బతికిన కాంట్రాక్టు కార్మికులకు ఏం దారో ముందే చెప్పి కూల్చి ఉంటే బాగుండేది అనిపించింది. నాకు బొగ్గు మీద ప్రేమ కాదు మామా. ముందు ఏర్పాటు లేకుండా ఏదీ తీయొద్దన్నదే నా మాట.

పెద్దనాన్న: ఏర్పాటుకు డబ్బు కావాలె. బొగ్గు ఇంకా డబ్బు తెస్తున్నది గదా. 2024ల కంపెనీ విస్తరణకు తీసి పెట్టంగ మిగిలిన లాభాల్ల 33 శాతం కార్మికులకు వాటా ఇచ్చిన్రు. అది వాళ్ల చెమట, ఇయ్యాల్సిందే. అట్లనే ప్రతి టన్ను మీద ఇంత అని, బొగ్గు తర్వాతి బతుకు కోసం తీసి పెట్టాలె. ఇల్లందుకు ఇంత, మణుగూరుకు ఇంత. బొగ్గు డబ్బుతోనే సూర్యుణ్ణి కట్టాలె. బొగ్గు అయిపోయినంక ఆ డబ్బు ఎక్కడ తెస్తం?

*

నాకు తోచింది రాస్తాను. బొగ్గు వద్దనడానికి సూర్యుడు చవక కావడం ఒక్కటే కారణం కాదు. 1889 నుంచి ఈ అడవి తన కడుపులోది దేశానికి ఇస్తూనే ఉంది. ఇచ్చిన ఊరికి మిగిలినవి గోడ కట్టిన ఇంక్లైను నోరు, మట్టి గుట్టలు, దగ్గు. సూర్యుడు అట్లా ఒక ఊరి కడుపు ఖాళీ చేసి వెళ్లిపోయేవాడు కాదు. కానీ ఆ వెలుగును ఎవరి పేరు మీద పట్టుకుంటామో, ఎవరి కొడుకు చేతికి స్పానర్ ఇస్తామో, ఏ గొయ్యిలో దాచుకుంటామో బొగ్గు ఉన్న ఈ పది, పదిహేనేళ్లలోనే తేలాలి. పెద్దనాన్న చెప్పిన కట్టెలు ఇప్పుడే నిలబెట్టాలి. ఈ పని ప్రభుత్వానిది, సింగరేణిది, గ్రామసభది, మా అందరిదీ.

సూర్యుడు గుట్ట మీదికి దిగాడు. పైపు ధార చుక్కలై ఆగిపోయింది. మిరప సాళ్లలో తడి మట్టి వాసన. దూరంగా థర్మల్ కేంద్రం లైట్లు ఒకదాని తర్వాత ఒకటి వెలిగాయి. బావ గడియారం చూసుకున్నాడు. ఆయన షిఫ్టు పదింటికి.

వెళ్లబోతూ పెద్దనాన్న పలకల వరుస దగ్గర ఆగాడు. కర్ర తిప్పి పట్టుకుని ఒక్కో ఇనుప కాలిని కింది భాగంలో తడుతూ, చెవి పెట్టి వింటూ నడిచాడు. మొదటిది మోగింది. రెండోది మోగింది. నాలుగోది మోగలేదు, బోలుగా పలికింది. వానకు దాని దిమ్మె కింది మట్టి కోసుకుపోయి లోపల ఖాళీ పడింది. ఆయన ఏమీ అనలేదు. కర్ర కింద పెట్టి వంగబోతుంటే బావ ఆపి, తానే మోకాళ్ల మీద కూర్చున్నాడు. రైతు గట్టు మీది రాళ్లు అందించాడు. బావ ఒక్కో రాయి ఆ ఖాళీలోకి తోసి, మట్టి నింపి, మడమతో తొక్కాడు. పెద్దనాన్న మళ్లీ తట్టి చూశాడు. ఇంకో రాయి అడిగాడు. చీకటి పడే దాకా వాళ్లు ముగ్గురూ ఆ కాలి దగ్గరే ఉన్నారు.